డాక్టరుగారు ఎన్నింటికి చూస్తారు?

మన ఊళ్లలో జబ్బుపడిన మనిషి మొదట అడిగే ప్రశ్న "నాకేమైంది?" అన్నది కాదు; "డాక్టరుగారు ఎన్నింటికి చూస్తారు?" అన్నది. దానికి వచ్చే జవాబు కూడా అన్నిచోట్లా ఒకటే: "ఆరింటికల్లా వచ్చెయ్యండి." ఆరింటికి రమ్మన్నారంటే ఆరింటికి చూస్తారని కాదు. ఆరింటికి మీరు బెంచీమీద వుండాలని. ఈ రెండు ఘడియల నడుమ ఎన్ని పెళ్లి సంబంధాలు కుదురుతాయో, ఎన్ని కోర్టు వ్యాజ్యాలు విచారణకు వస్తాయో, పక్కవాడి మోకాళ్లనొప్పి చరిత్ర ఎంత సాంగోపాంగంగా తెలిసిపోతుందో, డాక్టరుగారి వరండా ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

మాది జిల్లా కేంద్రమూ కాదు, పల్లెటూరూ కాదు. నాలుగు కాలేజీలు, రెండు సినిమాహాళ్లు, పదిహేనిరవై డాక్టరు బోర్డులు వున్న ఒక మాదిరి పట్టణం. చుట్టుపట్ల పల్లెలకు వైద్యం ఇక్కడే. పేరున్న డాక్టరు ఇంటిముందు తెల్లవారుజామున అయిదింటికి వెళ్లి చూడండి. గేటు దగ్గరనుంచి వరస వుంటుంది. కాని మనుషులుండరు. ఒక జత చెప్పులు, ఒక ఇటుకరాయి, ఒక ఖాళీ నీళ్లసీసా, మందులషాపు పేరు అచ్చువేసిన ఒక సంచీ. వాటి సొంతదారులు ఎదుట టీకొట్టులో వుంటారు. ఏడింటికి గేటు తెరిచినప్పుడు చెప్పుల స్థానంలో మనిషి వచ్చి నిలబడతాడు. ఆ ఇటుకరాయి ఎవరిదన్న విషయంలో తగాదా వస్తే తీర్పు చెప్పేవాడు టీకొట్టు యజమాని. ఇంత న్యాయంగా, ఇంత చవుకగా నడిచే కోర్టు మన దేశంలో మరొకటి లేదేమో!

ఉదయం టోకెను దొరికినవాళ్లకు సాయంత్రం దర్శనం. పొరుగూరినుంచి వచ్చినవాళ్లు ఈ పగలంతా ఏంచేస్తారన్నది ఎవరూ అడగరు. బస్సుకు రెండుసార్లు డబ్బులు పెట్టుకోలేనివాళ్లు ఇక్కడే చెట్టుకింద కూర్చుంటారు.

ఈ రాజ్యానికంతటికీ మంత్రి కాంపౌండరు. నాబోటి తెలుగు మాస్టరుకు మాటలమీద మోజు గనుక చెబుతున్నాను. కాంపౌండరంటే మందులు కలిపేవాడు. వెనకటి రోజుల్లో ఆయన గాజుసీసాలో ఎర్రమందు కలిపి, సీసాకు పక్కగా కాగితపు ముక్క గళ్లు గళ్లుగా కత్తిరించి అంటించి, గడికొక మోతాదు అని చెప్పేవాడు. ఇప్పుడు మందులన్నీ రేకు అట్టల్లో బిగించుకుని వస్తున్నాయి, కలపడానికేమీ మిగలలేదు. పని పోయినా పేరు పోలేదు. ఆయన ఇప్పుడు కలిపేది మనుషులను, వేళలను. ముందున్న నోటుబుక్కులో ఒకటినుంచి అరవైదాకా అంకెలు వేసుకుంటాడు. కాస్త పరకాయించి చూస్తే అందులో అయిదు, పది, పదిహేను ఖాళీగా కనిపిస్తాయి. అవి "మనవాళ్ల"వి. డాక్టరుగారి వియ్యాలవారు, కౌన్సిలరుగారు పంపినవారు, కరెంటాఫీసు మనిషి మొదలైనవారు ఆ ఖాళీల్లో సుఖంగా ఇమిడిపోతారు.

ఆయనను తిట్టిపోయడం తేలిక. కాని ఆ నోటుబుక్కు ప్రక్కన కూర్చుని గంటసేపు చూస్తే తెలుస్తుంది, ఆయన చేసే పని ఎంత నాజూకయినదో. వరండా చివర చంటిపిల్ల ఏడుపు ఆగిపోయి మూలుగులోకి దిగిందని ముందుగా పసికట్టేది ఆయనే. "అమ్మా, నువ్వు ముందు లోపలికి పద" అని ముప్ఫయ్యో నంబరు మనిషిని మూడో నంబరు ముందుకు తోసేది ఆయనే. "ఏం బాబాయ్, నిన్న చూపించుకు వెళ్లావుగా, కాగితమే గదా చూపించాల్సింది, ఇటివ్వు" అని ఒక టోకెను మిగిల్చేది ఆయనే. ఇందుకోసం ఆయన ఏ పరీక్షా ప్యాసు కాలేదు. ప్యాసు కాలేదు గనుక ఒక్కొక్కసారి తప్పుతుంది కూడాను. గుండెనొప్పిని గ్యాసునొప్పి అనుకుని బెంచీమీద కూర్చోబెట్టిన కాంపౌండర్ల కథ ప్రతి ఊళ్లోనూ ఒకటి వుంటుంది.

ఇక లెక్కలోకి వద్దాం. పాఠకులు దయచేసి ఒక పెన్సిలు తీసుకోవాలి.

డాక్టరుగారు సాయంత్రం ఆరింటికి కూర్చున్నారు. అరవైమంది రోగులు. మనిషికి నాలుగు నిమిషాలు. పదింటికి పని ముగుస్తుంది. అరవైమందినీ ఆరింటికే రమ్మన్నారు గనుక మొదటివాడు కాచుకున్నది సున్న, చివరివాడు కాచుకున్నది నాలుగు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. సగటున మనిషికి 118 నిమిషాలు. అందరి నిరీక్షణా కూడితే సరిగ్గా 118 గంటలు! రోజుకు ఎనిమిది గంటల పని చొప్పున ఇది దాదాపు పదిహేను పనిదినాలు. ఒక్క సాయంత్రం, ఒక్క వరండాలో, పదిహేనురోజుల కూలి గాలిలో కలిసిపోయింది.

ఇప్పుడు ఒక చిన్న మార్పు చేద్దాం. ఒకటినుంచి పదిహేనుదాకా ఆరింటికి, పదహారునుంచి ముప్ఫైదాకా ఏడింటికి, తరువాతి పదిహేను మంది ఎనిమిదింటికి, చివరి పదిహేను మంది తొమ్మిదింటికి రమ్మన్నాం. డాక్టరు అదే, నాలుగు నిమిషాలూ అవే, పదింటికే ముగుస్తుంది. సగటు నిరీక్షణ ఇప్పుడు 28 నిమిషాలు. మొత్తం 28 గంటలు. తొంభై గంటలు మిగిలాయి. ఖర్చు? గోడకు తగిలించే ఒక అట్టముక్క, ఒక సుద్దముక్క.

అయితే డాక్టర్లు ఎందుకీ పని చెయ్యరు? వాళ్ల తరఫున కూడా ఒక మాట వుంది. రోగి సమయానికి రాకపోతే డాక్టరు ఖాళీగా కూర్చోవాలి. బస్సు ఆలస్యం కావచ్చు, వానరావచ్చు, లేదా ఆ పెద్దమనిషి ఇద్దరు డాక్టర్లవద్ద టోకెను తీసుకుని ముందు పిలిచినవారి దగ్గర చూపించుకుని ఇంటికి పోవచ్చు. ఈ మూడోరకం వాళ్లు మన వూళ్లో కొల్లలు. అందుకని డాక్టరు ముందర ఎప్పుడూ ఒక గుంపు వుంటేనే క్షేమం అని కాంపౌండరు సిద్ధాంతం.

ఈ తగవును ఒక గణితశాస్త్రవేత్త కాగితంమీద పెట్టి పరిష్కరించాడు. నార్మన్ బెయిలీ అన్నాయన 1952లో ఆసుపత్రుల ఓ.పి. విభాగాలలో క్యూల గురించి వ్రాశాడు. అదే సంవత్సరం వెల్చ్ అనే ఆయనతో కలిసి లాన్సెట్ పత్రికలో ఈ సంగతే ప్రకటించాడు. ఆయన చెప్పిన కిటుకు చాలా చిన్నది: ఆరంభంలో ఇద్దరిని ఒకేసారి రమ్మనండి, ఆ తరువాత, ఒక్కొక్కరిని చూడడానికి సగటున ఎంతసేపు పడుతుందో అంతంత ఎడంతో ఒక్కొక్కరిని రమ్మనండి. రెండోమనిషి ఎప్పుడూ బెంచీమీద వుంటాడు గనుక డాక్టరు ఖాళీగా కూర్చునే అవసరం రాదు. మిగతావారెవరూ గంటలతరబడి కూర్చునే అవసరమూ రాదు. అరవైమంది గుంపు చేసే పనిని ఒక్క అదనపు మనిషి చేస్తాడన్న మాట. ఇది తెలిసి డెబ్భై యేళ్లు దాటింది. మా వీధి చివరకింకా రాలేదు.

దీనికి ఒక షరతు వుంది. డాక్టరుగారు ఆరింటికి కూర్చోవాలి. ఆయన నర్సింగుహోములో ఆపరేషను వుండి ఏడింటికి వచ్చారనుకోండి, అరవైమందికీ తలా ఒక గంట, మొత్తం అరవై గంటలు ఆ క్షణంలో కలుస్తాయి. ఆపరేషను అంటే ఎవరూ కాదనరు. కాని "ఏడింటికి వస్తారు" అని ఆరింటికే ఒక్క మాట చెప్పేవాడు లేకపోవడం ఆపరేషను కాదు.

నాలుగు నిమిషాలు అన్నాను. అది కూడా ఉదారంగా వేసిన లెక్క. 67 దేశాలలో ప్రాథమిక వైద్యుడు రోగితో ఎంతసేపు గడుపుతున్నాడో పోల్చి 2017లో ఒక పరిశోధన వెలువడింది. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. ప్రపంచ జనాభాలో సగం మంది వున్న 18 దేశాలలో అయిదు నిమిషాలో, అంతకు తక్కువో. రెండు గంటలు కాచుకున్న మనిషి రెండు నిమిషాలలో బయటికి వచ్చి, వరండాలో నిలబడి "అసలు కళ్లు తిరుగుతున్న సంగతి చెప్పనేలేదు సుమా" అనుకోవడం అందుకే. మళ్లీ లోపలికి పోనివ్వరు. ఆ కళ్లు తిరగడమే అసలు జబ్బు కావచ్చు.

మా ప్రక్కవీధిలో ఒక పెద్దాయన వుండేవాడు. రిటైరైన బడిపంతులు. రక్తపోటుకు మాత్రలు వేసుకునేవాడు. నెలకొకసారి చూపించుకోవాలి. ఒకనెల వెళితే టోకెన్లు అయిపోయాయన్నారు. మర్నాడు సంతరోజు, ఇంకా కిటకిట. మూడోసారి వెళ్లినరోజు డాక్టరుగారు వూళ్లో లేరు. చీటీ పాతబడిపోయింది, కొత్త చీటీ లేనిదే మాత్రలు ఇవ్వనన్నాడు మందుల షాపువాడు, అతనూ న్యాయంగానే అన్నాడు. పెద్దాయనకు జ్వరంలేదు, నొప్పిలేదు, ఏ బాధా లేదు. "బాధ లేనప్పుడు ఈ యమయాతన ఎందుకు, పండుగ వెళ్లాక చూద్దాం" అన్నాడు. రక్తపోటు బాధపెట్టని జబ్బు. అందులోనే వుంది దాని దుర్మార్గం. పండుగ వెళ్లకముందే ఒక తెల్లవారుజామున కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అంతకాలం నల్లబల్లమీద ముత్యాల్లాంటి అక్షరాలు వ్రాసిన చెయ్యి అది. ఇప్పుడు ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు.

టోకెను దొరక్కపోవడంవల్లనే ఇది జరిగిందని నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పడు. కాని టోకెను దొరికి వుంటే ఆయన మాత్రలు మానేవాడు కాదు. ఇంతవరకు మాత్రం నిశ్చయం.

డబ్బున్న దేశాల్లో ఈ గొడవ వుండదనుకుంటాం. మన తెలుగు డాక్టర్లు ఎందరో స్థిరపడిన ఇంగ్లండు సంగతే చూడండి. అక్కడ 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య వ్యవస్థలో ప్రతి కుటుంబం ఒక పేటడాక్టరు దగ్గర పేరు నమోదు చేసుకుంటుంది. ఫీజు లేదు. ఇటుకరాళ్లు లేవు. కాని ఉదయం ఎనిమిది కొట్టేసరికి పేటలోని జనమంతా ఒకేసారి అదే నంబరుకు టెలిఫోను చేస్తారు. వరస కాస్తా తీగల్లోకి ఎక్కిందన్న మాట. ఎనిమిదింపావుకు లైను దొరికినవాడికి "ఇవాళ్టివి అయిపోయాయి, రేపు ఎనిమిదింటికి చెయ్యండి" అని జవాబు. "ఎనిమిది గంటల పెనుగులాట" అని దానికి పేరే పడిపోయింది. దానిని అంతం చేస్తామని 2023 మేలో అక్కడి ప్రభుత్వం ఒక ప్రణాళికే ప్రకటించింది. 2025 అక్టోబరు 1నుంచి పనివేళలంతా ఆన్‌లైన్ దరఖాస్తు తెరిచివుంచాలని ఇంగ్లండులోని పేటడాక్టర్లకు నిబంధన వచ్చింది.

ఇంతకంటె తమాషా అయిన సంగతి ఒకటి అక్కడే జరిగింది. రోగి అడిగిన 48 గంటలలో డాక్టరును చూడగలగాలి అని 2000లో ప్రభుత్వం ఒక లక్ష్యం పెట్టింది, 2004కల్లా సాధించాలన్నది. మంచిదే గదా! డాక్టర్ల ఆఫీసులు ఏంచేశాయంటే, కొన్నిచోట్ల 48 గంటలకు మించి ముందుగా టోకెను ఇవ్వడమే మానేశాయి. ముందుగా వ్రాసుకుంటేనే గదా ఆలస్యం లెక్కలోకి వచ్చేది! "వచ్చే శుక్రవారం చూపించుకోవాలి" అన్నవాళ్లను "బుధవారం ఫోను చెయ్యండి" అన్నారు. 2005 ఎన్నికల ప్రచారంలో టెలివిజన్ సభలో ఒక తల్లి లేచి ఈ సంగతి ప్రధాని టోనీ బ్లెయిరును నిలదీసింది. ఆయనకు ఇది బొత్తిగా కొత్త. లెక్కల పుస్తకం బాగుపడ్డంత మాత్రాన వరండా బాగుపడదని ఆయనకు ఆ రాత్రి తెలిసినట్లుంది.

మన దగ్గరా సెల్‌ఫోను రంగంలోకి వచ్చింది. 2021 సెప్టెంబరు 27న కేంద్రప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అని ఒకటి ప్రారంభించింది. దానికింద మనిషికొక పధ్నాలుగు అంకెల ఆభా నంబరు. పెద్దాసుపత్రి గోడమీద అతికించిన చదరపు చిత్రాన్ని సెల్‌ఫోనుతో స్కాన్ చేస్తే మన పేరు, వయసు, ఊరు వాటంతటవే కౌంటరుకు చేరి, ఫోనులో ఒక టోకెను నంబరు వస్తుంది. 2022 అక్టోబరులో ఢిల్లీ లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో మొదలుపెట్టారు. తరువాత మన రాష్ట్రాల ఆసుపత్రులకూ వచ్చింది. ఒక పొరపాటు ఊహ మాత్రం పెట్టుకోవద్దు. ఆ టోకెను ఓ.పి. చీటీ వ్రాయించుకునే కౌంటరుకే. డాక్టరు గదిముందు వరస డాక్టరు గదిముందే వుంటుంది. అయినా ఒక క్యూ తగ్గింది గదా, సంతోషించాలి.

ఇల్లు కదలలేనివారికి ఇ-సంజీవని అని మరొకటి వుంది. 2019 నవంబరులో ఆరోగ్యకేంద్రంనుంచి పెద్దడాక్టరును అడగడానికని మొదలైనది, కరోనా రోజుల్లో 2020 ఏప్రిల్‌లో ఇంటినుంచి రోగే నేరుగా మాట్లాడే ఏర్పాటుగా కూడా పెరిగింది. దగ్గు, దద్దుర్లు, పాత మాత్రలే కొనసాగించవచ్చునా అన్న సందేహం, ఇటువంటివాటికి చక్కగా సరిపోతుంది. కడుపు నొక్కి చూడవలసిన జబ్బుకు సెల్‌ఫోను పనికిరాదు.

ప్రైవేటు డాక్టర్లు కూడా ఇప్పుడు వాట్సాప్‌లో, యాప్‌లలో నంబర్లు ఇస్తున్నారు. చదువుకున్న కుర్రవాడు హైదరాబాదులో కూర్చుని ఊళ్లో తల్లికి టోకెను తీసిపెడుతున్నాడు. చాలా బాగుంది. కాని సగం నంబర్లు ఫోనులోకి పోతే, తెల్లవారుజామున ఇటుకరాయి పెట్టుకున్న కూలిమనిషికి మిగిలేది రెండో సగమే. పైగా తన ముందు ఎంతమంది వున్నారో అతనికి కనిపించదు. చెప్పుల వరసలో ఒక నిజాయితీ వుంది; ఎవరు ముందో కంటికి కనిపిస్తుంది. ఫోను వరసలో అది లేదు. కొన్ని నంబర్లు గుమ్మంలోకి వచ్చినవాళ్లకని తప్పక అట్టేపెట్టాలని నా మనవి. ఎన్ని అట్టేపెట్టారో బోర్డుమీద వ్రాసిపెడితే ఇంకా మంచిది.

ఇంతలో మనం చెయ్యగలిగింది కొంత వుంది. సోమవారం ప్రాణంమీదికి వస్తే తప్ప వెళ్లవద్దు. ఆదివారం సెలవుకు కట్టకట్టుకున్న రోగాలన్నీ ఆనాడే వస్తాయి. మంగళవారం, అమావాస్య మనవాళ్లకు ఆసుపత్రి గడప తొక్కడానికి పట్టింపు. పట్టింపులేనివారికి అంతకంటె మంచిరోజు దొరకదు. కట్టిన ఫీజు ఎన్ని రోజులదాకా చెల్లుతుందో చీటీమీద వ్రాయించుకుని, గడువు చివరిరోజుదాకా ఆగకండి. అందరూ ఆ రోజుకే వస్తారు. రక్తపరీక్ష పరగడుపున చేయించవలసిందేమో ముందే అడగాలి. లేకపోతే కాఫీ తాగిన పాపానికి మరొక రోజు, మరొక టోకెను. పాత చీటీలు, వేసుకుంటున్న మాత్రల అట్టలు సంచీలో వేసుకోవాలి. "తెల్లమాత్ర, చిన్నది" అంటే డాక్టరుగారు దివ్యదృష్టితో చూడలేరు. చెప్పవలసిన మూడు సంగతులు చిన్నకాగితంమీద వ్రాసుకుని, అన్నిటికంటె భయపెడుతున్నది మొదట చెప్పాలి. మనలో చాలామంది దాన్ని గుమ్మం దాటేటప్పుడు చెబుతారు. రాలేకపోతే ఒక ఫోను చేసి నంబరు వదిలెయ్యాలి. ఆ నంబరుకోసం గేటుదగ్గర ఒకరు నిలబడే వుంటారు.

నెలనెలా మాత్రలు వాడేవారు అట్టలో పదిరోజుల మాత్రలు మిగిలి వుండగానే టోకెనుకు బయలుదేరాలి. అప్పుడు మూడుసార్లు తిప్పినా మాత్ర తప్పదు. ఛాతీలో బరువు, మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పట్టుతప్పడం, ఊపిరందకపోవడం, చంటిబిడ్డకు ఫిట్సు, వీటికి టోకెను అడగనే కూడదు. 108కి చెప్పాలి. 2005 ఆగస్టు 15న మన దగ్గరే మొదలైన నంబరు అది. కాంపౌండరు "కూర్చోండి" అన్నా కూర్చోకూడదు.

మా ఊళ్లో ఒక డాక్టరమ్మగారు మొన్న ఉగాదినుంచి నాలుగు జట్ల పద్ధతి పెట్టారు. మొదటివారం ఎవరూ నమ్మలేదు. తొమ్మిదింటికి రమ్మన్నవాళ్లు కూడా ఆరింటికే వచ్చి కూర్చున్నారు. రెండోవారం పరీక్షగా ఒకరిద్దరు భోంచేసి తొమ్మిదింటికి వెళ్లారు. నిజంగానే తొమ్మిదిన్నరకు లోపలికి పిలిచారట. ఇప్పుడు ఎనిమిది గంటలవేళ ఆ వరండాలో పదిహేనుమందికి మించి వుండటంలేదు. ఎదుట టీకొట్టువాడికి బేరం సగం పడిపోయిందని అతను డాక్టరమ్మగారిమీద గుర్రుగా వున్నాడు.